శుక్రవారం వేలిముద్ర

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు, అంతే. యాభై నాలుగో ఏట, కళ్ళజోడు వచ్చాక, మా వీధి బడిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చెప్పే చదువుకి వెళ్ళి అక్షరాలు దిద్దాను. నాతోపాటు దిద్దినవాళ్ళలో సగంమంది తమ పేరు రాయడం రాగానే మానేశారు. నేను మానలేదు. నా పేరుతో నాకంత పనిలేదు. రాయాల్సింది వేరే ఉంది.

ఎవరిచేతనైనా రాయించి ఉండొచ్చుగా అంటారు. రాయించడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్ళూ నా ఉత్తరాలు ఒకాయన రాసేవాడు. గలాలీలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు, మా జిల్లావాడే, నేను బాబాయ్ అనేదాన్ని. ముత్యాల్లాంటి దస్తూరీ అని అందరూ అనేవారు. "కాళ్ళు వాచిపోతున్నాయి, ఈ పని నావల్ల కావట్లేదని రాయండి బాబాయ్" అని నేను చెబితే, "ఇక్కడ నేను కులాసా, మీరంతా అక్కడ కులాసా అని తలుస్తాను" అని రాసేవాడు. రాసింది పైకి చదివి వినిపించేవాడు, ఆ నిజాయితీ మాత్రం ఉంది. నేనన్నది అది కాదే అంటే, "ఉత్తరమంటే అలాగే రాస్తారమ్మా, నీకు తెలీదు" అని జిగురు పూసి కవరు అంటించేసేవాడు. తొమ్మిదేళ్ళపాటు మా ఇంట్లోవాళ్ళు నేను కులాసాగా ఉన్నాననే అనుకున్నారు. ఆయనకి మందుల దొంగతనం గురించి చెప్పి రాయమంటే, ఇక్కడ మందులన్నీ కులాసా అని రాసి ఉండేవాడు.

తొంభైలు సగం గడిచిన రోజులవి. అంతకు ముందు నేను ఇళ్ళల్లో పనిచేసేదాన్ని. ఆ తర్వాత మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు, తన చుట్టానికి నన్ను అప్పగించాడు. ఆ చుట్టం మంచం పట్టిన ముసలివాళ్ళను చూసుకునే ఆస్పత్రిలాంటి ఇల్లొకటి నడిపేవాడు. జిదాఫ్స్ బజారుకి నడిచి వెళ్ళేంత దూరంలో రెండంతస్తుల మేడ. ముందు బోర్డు మీద నవ్వుతున్న ముసలి దంపతుల బొమ్మ వేయించారు. లోపలున్న పన్నెండు మంచాల్లోనూ అలా నవ్వేవాళ్ళను నేను చూడలేదు. బోర్డు మీదవాళ్ళు ఎక్కడివాళ్ళో మరి.

నా పని ఒళ్ళు తుడవడం, పక్కలు తిప్పడం, దుప్పట్లు మార్చడం, తినిపించడం. మందులు ఇచ్చే పని నాది కాదు. అది నర్సులది. వాళ్ళలో ఒకడు మగ నర్సు, మన తెలుగువాడు, మా పక్క తాలూకావాడు. మగవాడు కాబట్టి అతన్ని ఎవరూ నర్సు అనరు. మావాళ్ళంతా డాక్టరు అనేవారు. ఆడ నర్సులు అతనికన్నా ఎక్కువ చదివినా వాళ్ళు సిస్టర్లే. అతను నన్ను "అక్కా" అనేవాడు. ఆ ఒక్క పిలుపుకే నేను అతని చొక్కాలు కూడా ఉతికిపెట్టేదాన్ని.

గట్టి నొప్పి మందులు ఒక ఇనప అలమరలో తాళం వేసి ఉంచేవారు. వాటికో ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. మాత్ర ఇచ్చినప్పుడల్లా ఇచ్చినవాళ్ళు ఒక సంతకం, ఇవ్వడం కళ్ళారా చూసినవాళ్ళు ఒక సంతకం పెట్టాలి. సిస్టర్లకి తీరిక ఉండేది కాదు. ఒకరోజు అతను నన్ను పిలిచి, "అక్కా, ఈ సాక్షి సంతకానికి నమ్మకమైన మనిషి కావాలి, నువ్వయితే బాగుంటుంది" అన్నాడు. నాకు సంతకం రాదన్నాను. "వేలిముద్ర చాలు. వేలిముద్రంటే సంతకం కన్నా గట్టిది" అన్నాడు. మా ఊళ్ళో రిజిస్ట్రారు ఆఫీసులో ఆడవాళ్ళది ఎడమ బొటనవేలు అడుగుతారు. అందుకని అడక్కుండానే ఎడమ వేలు చాపాను. "భలే అక్కా, నీకన్నీ తెలుసు" అన్నాడు. రెండు రోజులు నేల మీద నడవలేదు నేను. ఆస్పత్రి పుస్తకంలో నా వేలు పడిందని గలాలీ దాకా వెళ్ళి చెప్పొచ్చాను.

ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. నేను ఎవరికో ఒళ్ళు తుడుస్తుంటే పుస్తకమూ ఇంకు ప్యాడూ పట్టుకొచ్చేవాడు. నేను చెయ్యి తుడుచుకుని వేలు ఒత్తేదాన్ని. మాత్ర మింగడం చూశానా అంటే, ఏం చూస్తాను! అతను ఇచ్చాడు, చెప్పాడు, అంతే. నాకు శుక్రవారం సెలవు. గురువారం సాయంత్రం వచ్చి, "రేపు నువ్వుండవుగా అక్కా, రేపటివి రెండూ కూడా ఇప్పుడే వేసెయ్. మళ్ళీ తెరిస్తే ప్యాడు ఎండిపోతుంది" అనేవాడు. నిజమే కదా, ఇంకు ఎందుకు దండగ అని శుక్రవారానివి గురువారమే వేసేసేదాన్ని. అంత పొదుపు మనిషిని.

పై అంతస్తులో కిటికీ పక్క మంచం ఒక బహ్రెయిన్ ముసలావిడది. హజ్ యాత్ర చేసొచ్చిన మనిషి కాబట్టి అందరూ హజ్జియా అనేవారు. ఎముకల్లో జబ్బు. పొద్దునొకటి, సాయంత్రమొకటి ఆమెకి వంకాయ రంగు చిన్న మాత్ర ఇవ్వాలి. నాకు అక్షరాలు రావు కాబట్టి మందుల్ని రంగుతోనే గుర్తుపట్టేదాన్ని. ఆ మాత్ర పడిన గంటకి ఆవిడ మనిషయ్యేది. టీలో పంచదార లేదని నన్ను తిట్టేది. కోడలు రాలేదని తిట్టేది. వచ్చిందంటే ఎందుకొచ్చిందని తిట్టేది. ఆ తిట్లు వినడానికి హాయిగా ఉండేవి.

కొన్నాళ్ళకి ఆ తిట్లు ఆగిపోయాయి, అరుపులు మొదలయ్యాయి. పక్క తిప్పబోతే నా మణికట్టు పట్టుకుని గోళ్ళు దించేది. మాత్ర చూస్తే తెల్లగా, పెద్దగా ఉంది. అతన్ని అడిగితే, "పెద్ద డాక్టరు మార్చాడక్కా, ఇది కొత్త మందు" అని ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పాడు. ఇంగ్లీషు పేరున్నది అబద్ధమవుతుందని నాకప్పుడు తోచలేదు. హజ్జియా మాత్రం ఊరుకోలేదు. కళ్ళకి శుక్లాలు కమ్మి ఆవిడకి రంగు తెలియదు, కానీ నాలుకకి తెలుసు. "బింతీ, ఇది నాది కాదు. నాది చిన్నది. ఇది బాకలా గింజంత ఉంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. బింతీ అంటే నా కూతురా అని, బాకలా అంటే పెద్ద చిక్కుడు. వచ్చినవాళ్ళు తల ఊపి, బయటికెళ్ళి, పాపం మతి పోయింది అనుకునేవారు. ముసలివాళ్ళు మాట్లాడితే మతి పోయినట్టు, మాట్లాడకపోతే కులాసాగా ఉన్నట్టు లెక్క ఆ ఇంట్లో.

ఒక శుక్రవారం గలాలీ వెళ్ళాను. బాబాయికి, పిన్నికి వాళ్ళ కఫీల్ ఇచ్చిన వెనక గది ఒకటుండేది. చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ శుక్రవారం అదే పెద్ద ఇల్లు. ఆరోజు అక్కడ సెంట్రింగు పనిచేసే తెలంగాణ అతనొకడు ఉన్నాడు. నలభై లోపే గానీ, నడుం పట్టుకుని అబ్బా అంటూ నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు. జేబులోంచి కాగితం పొట్లం విప్పి, టీ గ్లాసు అందుకున్నాడు. పొట్లంలో రెండు వంకాయ రంగు మాత్రలున్నాయి.

"ఏంటన్నా అది?" అన్నాను.

"నడుము గోలీ అక్కా. గిది ఏస్కుంటే నడుము ఉన్నదో లేదో ఎరుకనే ఉండదు."

"ఎవరిచ్చారు?"

"ఇంకెవరు, మన డాక్టర్ సాబ్. దేవుడక్కా ఆయన. మా క్యాంపుల అందరికిస్తడు. ఉత్తగ గాదులే, చాయ్ పైసలియ్యాలె. దేవునికి కొబ్బరికాయ కొడ్తలేమా?"

ఆ మాత్ర తీసుకుని అరచేతిలో పెట్టి చూశాను. "ఇది మా హజ్జియాది" అన్నాను.

బాబాయి చేతిలో పేపరు కిందపెట్టాడు. "ఏంటమ్మా, మాత్ర మీద పేరు రాసుందా? ఉన్నా నీకు చదవడం రాదుగా."

"రంగు తెలుసు బాబాయ్."

"వంకాయ రంగువి లోకంలో ఎన్ని లేవు! మీ పిన్ని చీరా ఆ రంగే. అది కూడా మీ ముసలమ్మదేనా?"

అందరూ నవ్వారు. పిన్ని కూడా కొంగు చూసుకుని నవ్వింది. తర్వాత నా పక్కకొచ్చి కూర్చుని గొంతు తగ్గించింది. "ఊరుకోవే. పరాయి దేశంలో మనోణ్ణి మనమే పట్టిస్తామా? రేపు నీకు జొరమొస్తే మందెవడిస్తాడు?"

"ఆవిడ నోటి దగ్గర్నించి తీసింది పిన్నీ."

"ఆవిడకేం, దేశం వాళ్ళది, నూనె బావులు వాళ్ళవి. ఒక మాత్రకి కరువా? వీళ్ళు పన్లోకి పోకపోతే ఇంటి దగ్గర పొయ్యి వెలగదు. నువ్వు తిను ముందు, అన్నం చల్లారిపోతోంది."

నేను తిన్నాను. ఆకలేసింది, తిన్నాను. అక్కడ నాకు ఎదురు చెప్పనిది ఆ సెంట్రింగతను ఒక్కడే. అతను మాత్ర వేసుకోలేదని కూడా నేను గమనించలేదు. బస్సు కోసం రోడ్డు మీదికొస్తే వెనకాలే కుంటుకుంటూ వచ్చాడు.

"అక్కా, నిజంగ ముసలామెదేనా?"

"ఒట్టు."

"నాదంటే వంగితే నొస్తది. పండుకుంటే ఊకుంటది. ఆమెకు పండుకున్నా నొస్తదా?"

"పండుకున్నా నొస్తుంది. పక్క తిప్పితే కింద గేటు దాకా వినబడుతుంది."

అతను పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. "తీస్కపో. నేనిచ్చిన్నని ఎవ్వలికీ జెప్పకు. నా పేరు బయటికొస్తే వీసా ఖలాస్." చెప్పలేదు. ఇప్పుడూ చెప్పడం లేదు.

శనివారం మధ్యాహ్నం డ్యూటీ గదిలో మన డాక్టరు ఒక్కడే ఉన్నప్పుడు వెళ్ళి, పొట్లం విప్పి చూపించాను. కంగారు పడతాడనుకున్నాను. కుర్చీ లాగి, "కూర్చో అక్కా, టీ తాగుతావా?" అన్నాడు.

"ఎందుకు చేశావు తమ్ముడూ?"

"నువ్వే ఆలోచించు. ఆవిడకి ఎనభై దాటాయి. ఏ మాత్ర ఇచ్చినా ఇవాళో రేపో పోయే మనిషి. అక్కడ మనోళ్ళు నడుములిరిగి పన్లోకి పోతున్నారు. ఒకే మాత్ర ఉంటే ఎవరికివ్వాలి? నువ్వే చెప్పు."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు కొంచెంసేపు సబబుగానే తోచింది. దానధర్మాల గురించి అంత బాగా మాట్లాడే దొంగని నేను అంతకు ముందు చూడలేదు. చాయ్ పైసల సంగతి అడుగుదామనుకునేలోపు ఎర్ర పుస్తకం తీసి నా ముందు పెట్టాడు.

"ఇంకోటుంది అక్కా. ప్రతి మాత్ర పక్కనా నీ వేలుంది చూడు. ఇవ్వడం నువ్వు చూశావు. నేను దొంగనైతే నువ్వు దొంగకి అక్కవి. ఇద్దరం ఒకే విమానంలో పోదాం, సీటు పక్కన సీటు."

టీ తాగకుండా లేచాను. ఆ వేళకి హజ్జియాకి దుప్పటి మార్చాలి. పైకెళ్ళి ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టాను. ఇంకా తిప్పనేలేదు, ఆవిడ అరవడం మొదలుపెట్టింది. తర్వాత అరుపు ఆపి, ఇంకో రకంగా, లోపల్నించి చిన్నగా మూలిగింది. అదే నేను భరించలేకపోయాను. దుప్పటి మార్చకుండా వదిలేసి మంచం పక్కన నిలబడ్డాను. మనోళ్ళు, పరాయివాళ్ళు అని మెట్లెక్కేటప్పుడు అనుకున్నవన్నీ అక్కడ పనికిరాలేదు. అరిచినప్పుడు ఆవిడ పట్టుకున్నది నా చెయ్యే.

ఆదివారం పెద్ద సిస్టరు దగ్గరికెళ్ళాను. ఆవిడ మలయాళీ, మంచిదే గానీ భయస్థురాలు. ఇద్దరు పిల్లలు ఈసా టౌన్‌లో ఇండియన్ బడిలో చదువుతున్నారు. పొట్లం విప్పి, హజ్జియా ఉమ్మేసిన తెల్ల మాత్ర ఒకటి పక్కన పెట్టి, నాకొచ్చిన హిందీలో చెప్పాను. నా హిందీలో మగవాళ్ళు వస్తుంది, ఆడవాళ్ళు వెళ్తాడు. అయినా ఆవిడకి మొదటి మాటకే అర్థమైంది. ముందు తలుపు మూసింది. ఆ తర్వాత, "రాసి ఇవ్వు. ఫిర్యాదు రాసి ఇస్తేనే తీసుకోవాలి. రూలు" అంది.

"నాకు రాయడం రాదు సిస్టర్."

"ఎవరిచేతనైనా రాయించుకురా."

నాకు బాబాయి గుర్తొచ్చాడు. ఒళ్ళు మండింది. "మందు ఇచ్చారనడానికి నా వేలు చాలింది. ఇవ్వలేదనడానికి చాలదా? నేను చెబుతాను, మీరు రాయండి. కింద వేలేస్తాను" అన్నాను.

ఆవిడ తాళాలు తీసుకుని లేచింది. అలమర తెరిచి, హజ్జియా పేరున్న డబ్బాలోంచి ఒక మాత్ర తీసి నా మాత్ర పక్కన పెట్టింది. రంగూ ఒకటే, మీద చెక్కిన అక్షరాలూ ఒకటేనట. అప్పుడు కలం తీసింది.

ఆ మధ్యాహ్నమే యజమాని తన గదిలోకి మమ్మల్ని పిలిపించాడు. మన డాక్టరు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. అది నేను ఉతికిందే. చేతులు కట్టుకుని నెమ్మదిగా చెప్పాడు: ఈమెకి కాళ్ళ నొప్పులు, ఆ మాత్రలు తనకీ ఇమ్మని అడిగింది, ఇవ్వనన్నానని కక్ష కట్టింది, కావాలంటే పుస్తకం చూడండి, అన్నిటికీ ఈమే సాక్షి. యజమాని పుస్తకం నా వైపు తిప్పి, "ఈ వేలు నీదేనా?" అని అడిగాడు.

"నాదే" అన్నాను.

"అన్నీ?"

"అన్నీ."

మన డాక్టరు నా వంక జాలిగా చూశాడు. నేను పుస్తకంలో ఆ నల్ల మచ్చల బారు చూస్తున్నాను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఎంత బుద్ధిగా వేశానో అనుకుంటుండగా తట్టింది. "సిస్టర్, ఇందులో శుక్రవారాలెక్కడున్నాయి?" అన్నాను.

ఆవిడ తేదీలు చూసి, వేలితో ఒకటి చూపించింది, పేజీ తిప్పి ఇంకొకటి చూపించింది. ప్రతి శుక్రవారం పొద్దునా సాయంత్రమూ నా వేలుంది.

"శుక్రవారం నేను ఈ ఇంట్లో ఉండను. పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తాను. గేటు దగ్గర భాయ్ తన పుస్తకంలో రాసుకుంటాడు. తెప్పించండి."

తెప్పించారు. గేటు భాయ్ నా రాకపోకలు ఒక్కటీ వదలకుండా రాశాడు. యజమాని రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, "లేని మనిషి వేలు ఎలా వచ్చింది?" అన్నాడు.

"గురువారమే వేసేశాను."

"ఎందుకు?"

"ఇంకు ఎండిపోతుందన్నాడు."

పెద్ద సిస్టరు చేత్తో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నా జన్మలో నలుగురిలో అంత తెలివితక్కువ మాట ఇంకెప్పుడూ అనలేదు. మన డాక్టరుకి మాత్రం ఆ మాటతో చొక్కా ఇస్త్రీ చెదిరిపోయింది. "పొరపాటు... తొందరలో..." అన్నాడు. ఇవ్వని మాత్రకి, చూడని సాక్షితో, రాని రోజున సంతకం పెట్టించడానికి అంత తొందరేమిటో ఎవరూ అడగలేదు. అక్కర్లేకపోయింది.

యజమాని పోలీసుల మాట ఎత్తలేదు. ఎత్తితే బోర్డు మీది ముసలి దంపతుల పరువేం కావాలి? సిస్టరు రాసిన ఫిర్యాదు మడిచి సొరుగులో పడేసి తాళం వేశాడు. సాయంత్రానికి గోడ మీద ఒక నోటీసు వచ్చింది. దాన్ని సిస్టరు చదివి చెప్పింది: తండ్రికి ఒంట్లో బాగోలేనందున ఫలానా ఆయన అత్యవసరంగా సెలవు మీద స్వదేశం వెళ్తున్నారు. వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళయింది. నాకూ ఒక కాగితం ఇచ్చారు. రికార్డు పుస్తకంలో తప్పుడు వేలిముద్రలు వేసినందుకు హెచ్చరిక. అది నాకు అందినట్టు కింద వేలిముద్ర వేయించుకున్నారు.

ఆఫీసు ఫోనుకి పిన్ని చేసింది. "ఎంత పని చేశావే! మనోళ్ళ నడుములన్నీ నీ నెత్తినేసుకున్నావు. ఇంక శుక్రవారం ఏ మొహం పెట్టుకొస్తావు?" అంది. ఈ మొహమే ఉంది పిన్నీ అన్నాను. ఫోను పెట్టేసింది.

తెల్లారి సోమవారం. పెద్ద సిస్టరు స్వయంగా తాళాలు తీసుకుని మాత్రతో పైకొచ్చింది. ఇకమీదట సాక్షికి వేలిముద్ర చెల్లదు, సంతకమే కావాలని యజమాని చెప్పాడట. కానీ ఆ పూటకి సంతకం వచ్చినవాళ్ళెవరూ ఖాళీగా లేరు. "ఇవాళ్టికి నువ్వే వెయ్యి. యల్లా, త్వరగా" అని పుస్తకం తెరిచి ప్యాడు నా ముందు పెట్టింది.

"ముందు ఆ గడిలో ఏం రాశారో చదవండి" అన్నాను.

చదివింది. ఇంకోసారి చదవమన్నాను. ఆవిడకి కోపమొచ్చింది గానీ చదివింది. పేరు, మాత్ర, సోమవారం, పొద్దున. అప్పుడు మాత్ర హజ్జియా అరచేతిలో పెట్టించాను. ఆవిడ దాన్ని నాలుక చివర పెట్టుకుని పోల్చుకుంది. తల ఊపింది. నీళ్ళు పట్టాను. మింగాక నోరు తెరవమని, నాలుక కింద కూడా చూశాను. చూసి, ఎడమ బొటనవేలు ఒత్తి, ఒక్క ముద్ర వేశాను.

గంట ఆగి ఉతికిన దుప్పటి తీసుకుని మళ్ళీ పైకెళ్ళాను. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, నెమ్మదిగా పక్కకి తిప్పాను. ఆవిడ నా మణికట్టు పట్టుకోలేదు. పాత దుప్పటి లాగి కొత్తది పరిచాను. వీపు కింద ముడత తగులుతోందని, ఇన్నేళ్ళొచ్చినా దుప్పటి పరచడం రాదని నన్ను తిట్టింది. దుప్పటి తీసి మళ్ళీ పరిచాను.